సింహాచలం మేస్త్రి తప్పు కాదు

కింద ఖాళీ స్థలంలో ఎవరో మిషనుతో పిచ్చిమొక్కలు కొట్టిస్తున్నారు. పెట్రోలుతో కలిసి నూనె కాలే వాసన మా మూడో అంతస్తు దాకా వచ్చింది. విశాఖపట్నం రోడ్ల మీద టూ-స్ట్రోక్ బండి పొగ పీల్చి ఎన్నేళ్ళయిందో. టీ గ్లాసు పక్కన పెట్టి కాసేపు ఆ శబ్దం విన్నాను. సన్నగా ఉంది. ఇంజనుకి గాలి ఎక్కువై పెట్రోలు చాలనప్పుడు వచ్చే అరుపు అది. కిందికి దిగి ఆ మనిషిని ఆపించాను. ఇరవై రెండేళ్ళ కిందట చోడవరం దగ్గర ఒక ఇంజను అలాగే సన్నగా అరిచి ఆగిపోయింది. దాని మీద కూర్చున్న కుర్రాడి కాలు పోయింది. ఆ తప్పు సింహాచలం మేస్త్రిదని అందరూ అనుకున్నారు. ఆ తప్పు నాది. ఆ రోజు నేను నోరు విప్పలేదు, ఆయన బతికి ఉన్నంత కాలమూ విప్పలేదు. మేస్త్రి గత నెల పోయారు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళ కోసం, చూసి కూడా తప్పుగా అనుకున్నవాళ్ళ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చోడవరంలో మాడుగుల వెళ్ళే రోడ్డు పక్కన ఆయన షెడ్డు ఉండేది. రేకుల కప్పు, మట్టి నేల. ఎదురుగా టీ బడ్డీ. గానుగ సీజన్లో చెరుకు ట్రాక్టర్లు వరసగా పోతుంటే మాట వినపడేది కాదు గానీ, మేస్త్రి మాత్రం స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తనకి కావలసింది వినేవారు. ఐటీఐ అయ్యాక ఇరవయ్యో ఏట ఆయన దగ్గర చేరాను. మాది వడ్డాది. పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి పోయేవాణ్ణి. మొదటి ఏడాది నాకు ఏ పనీ చెప్పినట్టు గుర్తులేదు. చూడమనేవారు, అంతే.

చూడమన్నవాటిలో మొదటిది స్పార్క్ ప్లగ్గు. బండిని పూర్తి వేగం మీద లాగించి, ఒక్కసారి ఇంజను కట్టేసి, ప్లగ్గు విప్పి దాని మొన రంగు చూడాలి. మేస్త్రి పనిబల్ల మీద కాగితంలో చుట్టి ఒక బెల్లం ముక్క ఎప్పుడూ ఉండేది. అది తినడానికి అనుకున్నాను. ఒక రోజు వేడి ప్లగ్గును దాని పక్కన పెట్టి నన్ను పిలిచారు.

"ఒరే రమణా, ఇలగ రా. రెండూ ఒకే రంగున్నాయా లేదా?"

"ఉన్నాయండి."

"ఇలగుంటే ఇంజను సుకంగా ఉన్నట్టు. సున్నం రంగుంటే లోపల పిస్టన్ కాలతన్నట్టు. మసి రంగుంటే తాగి తొంగున్నట్టు. తొంగున్నోణ్ణి లేపొచ్చు. కాలిపోయినోణ్ణి ఏటి సేస్తావు?"

అదే ఆయన పద్ధతి. పెట్రోలు తక్కువైతే సున్నం రంగు, ఎక్కువైతే మసి. ఏదో ఒక వైపు పొరపడక తప్పకపోతే ఆయన ఎక్కువ వైపే పొరపడేవారు. టూ-స్ట్రోక్ ఇంజనులో నూనె పెట్రోలుతో కలిసే లోపలికి పోతుంది. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. నూనె చాలని పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండర్‌కి పట్టేస్తుంది. అప్పుడు వెనక చక్రం కూడా ఉన్నపళంగా ఆగిపోతుంది. ఈ సంగతి నాకు ఆయన పదిసార్లు చెప్పి ఉంటారు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్ సెట్టింగు పూర్తయ్యాక దాని అడుగున ఉండే గిన్నె స్క్రూ మీద భార్య గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. స్క్రూ విప్పితే చుక్క పగులుతుంది. "సుక్క పగిలితే ఎవడో సెయ్యెట్టేడని. పగల్నేదా, మంచికీ సెడ్డకీ నాదే పూసీ" అనేవారు. మాడుగుల నుంచి అనకాపల్లి దాకా మెకానిక్కులందరికీ ఆ చుక్క తెలుసు. పాత బండి కొనేవాళ్ళు వంగి ముందు ఆ చుక్క ఉందా లేదా చూసుకునేవారు.

మా వైపు తీర్థాల్లో గుర్రప్పందేలు, ఎడ్ల పరుగులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆ రోజుల్లో బైకుల పందెం కొత్తగా మొదలైంది. చెరుకు నరికేసిన చేలో మట్టి గట్లు పోసి, పదును మట్టి మీద బళ్ళు పరిగెత్తించేవారు. మేస్త్రి మేనల్లుడు ఈశ్వర్రావు అందులో బండి నడుపుతానని పేరిచ్చాడు. ఈశ్వర్రావు తల్లి పైడమ్మ మేస్త్రికి ఒక్కగానొక్క చెల్లెలు. భర్త పోయాక, అన్నగారింటి పక్క సందులోనే ఉండేది. ఆ ఇంటి కూర ఈ ఇంటికి, ఈ ఇంటి పులుసు ఆ ఇంటికి గిన్నెలు తిరుగుతూనే ఉండేవి. ఈశ్వర్రావు నా కన్నా రెండేళ్ళు చిన్న. నాకు అప్పుడు ఇరవై నాలుగు.

పాత వంద సీసీ టూ-స్ట్రోక్ బండి ఒకటి తీసుకుని మేస్త్రి రెండు నెలలు దాని మీద కూర్చున్నారు. సిలిండర్ లోపలి దారులు ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశారు. సైలెన్సర్ రేకు కోసి, మధ్యలో లావుగా చివర సన్నంగా స్వయంగా అతికారు. పొడుగు షాక్ అబ్జార్బర్లు, గుబ్బల టైర్లు వేశారు. అంతా అయ్యాక కార్బురేటర్ దగ్గర పేచీ వచ్చింది. ఇంజను గుణం మారింది కాబట్టి పాతది చాలదు. షెడ్డులో ఉన్నవాటిలో ఇరవై నాలుగు మిల్లీమీటర్ల నోరున్నది ఒకటి మేస్త్రి తీసి కడిగి పెట్టారు. నేను విశాఖపట్నం పాత సామాన్ల కొట్లో వెతికి ఇరవై ఎనిమిదిది తెచ్చాను. తళతళలాడుతూ, గుప్పిట పట్టనంత ఉండేది. నోరు పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది, గాలి ఎక్కువ పోతే బలం ఎక్కువ వస్తుంది. నా లెక్క అదీ.

ఆ సాయంత్రం షెడ్డులో ఓ అరడజను మంది ఉన్నారు. మేస్త్రి ఎదురు బడ్డీ నుంచి రెండు గ్లాసుల నిండా చెరుకురసం తెప్పించారు. ఒక దాంట్లో బొప్పాయి ఆకు కాడ పెట్టి ఈశ్వర్రావుకిచ్చారు. రెండోదాంట్లో రెండు వేళ్ళంత లావు రబ్బరు గొట్టం ముంచి నాకిచ్చారు.

"పీల్సండిరా ఇద్దరూ. గట్టిగా కాదు, మెల్లిగా."

ఈశ్వర్రావు గ్లాసు సగమైంది. నా గొట్టంలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"సూసేవా? గట్టెక్కినప్పుడు ఇంజను పీల్సేది మెల్లిగానే. నీ పెద్ద నోటికి అక్కడ ఏటీ అందదు. తిన్నగా సాగిపోయే తార్రోడ్డుంటే నీదే మంచిది, నాను కాదన్ను. మన పందెం మట్టిలో."

"రమణగాడికి గొట్టం వొదిలెయ్యండి మేస్త్రీ, మావిడికాయలు రాల్సుకుంటాడు" అన్నాడు టీ బడ్డీ అతను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేస్త్రి అంతటితో వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం ఏటి గట్టు మీద రెండూ బిగించి చూపించారు. నాది బిగిస్తే మట్టి దిబ్బ సగంలో బండి ఊపిరాడక ఈశ్వర్రావు కాళ్ళు దింపాల్సి వచ్చింది. ఆయన దానితో దిబ్బ మీదికి పాకినట్టుగా ఎక్కేసింది. పేచీ తేలిపోయింది. తిన్నటి దారిలో చివరికంటా లాగినప్పుడు మాత్రం ఇంజను కొంచెం గురగురలాడింది.

"మావా, పైన దగ్గుతంది" అన్నాడు ఈశ్వర్రావు.

"దగ్గనీ. ఎండలో గాలి పలసగుంటది. పందెం పొద్దున్న మంచులో. అప్పుడు గాలి సిక్కగుంటది, గాలికి తగ్గ పెట్రోలు ఉండాలి. ఆ యేళకి ఈ జెట్టే సరిపోద్ది, దగ్గదు."

జెట్ అంటే కార్బురేటర్ అడుగున ఉండే గోరంత ఇత్తడి ముక్క. మధ్యలో సూదిబెజ్జం. పెట్రోలు అందులోంచే పైకి వస్తుంది. దాని మీది అంకె పెరిగితే బెజ్జం పెద్దదని అర్థం. మేస్త్రి నూట ముప్పై అంకె ఉన్నది పెట్టారు. షెడ్డుకి వచ్చి చుక్క కూడా పెట్టేశారు.

నాకు కార్బురేటర్ విషయంలో ఓడిపోయినందుకు బాధ లేదు. ఆ రోజు వాళ్ళు నవ్విన నవ్వు చెవుల్లోంచి పోలేదు, అంతే. పొద్దుటి గాలి, ఎండ గాలి అనే మాట నాకు ముసలివాళ్ళ చాదస్తంలా తోచింది. పందేనికి ముందు రోజు మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి వెళ్ళారు. షెడ్డులో నేనొక్కణ్ణే. చుక్క పగలగొట్టి గిన్నె విప్పి, నూట ముప్పై తీసి నూట ఇరవై పెట్టాను. స్టార్ట్ చేసి లాగించాను. గురగుర పోయింది. కంఠం విప్పి పాడినట్టు వచ్చింది శబ్దం. అప్పుడు సొరుగులోంచి గోళ్ళరంగు సీసా తీసి, పాత చుక్క గీకి, ఆయన పెట్టే చోటే, ఆయన పెట్టేంతే చుక్క పెట్టాను. అంతా కలిపి పావుగంట పట్టలేదు. దాచేద్దామని కాదు, గెలిచాక అందరి ముందూ చెబుదామని. 'మేస్త్రీ, అది మీ జెట్ కాదు, నాది' అనే మాట ఆ సాయంత్రమంతా బస్సులో నోట్లో తిప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్న పొలాల మీద మంచు దట్టంగా ఉంది. నోరు తెరిస్తే పొగ వస్తోంది. తొమ్మిది బళ్ళు వరసలో నిలబడ్డాయి. మొదటి రెండు చుట్లూ ఈశ్వర్రావు ముందున్నాడు. జనం అరుస్తున్నారు. మూడో చుట్టులో, చేను చివర పొడుగు దారిలో, శబ్దం మారింది. అంత గోలలోనూ మేస్త్రి తల అటు తిప్పారు. "ఆపరా! ఒరే ఈశూ, క్లచ్చి పట్టు!" అని గట్టు మీంచి చేతులూపుతూ పరిగెత్తారు. ఇంజను ఇంకా సన్నగా అరిచి, తెగిపోయినట్టు ఆగింది. వెనక చక్రం బిగుసుకుంది. ఈశ్వర్రావు ఎగిరి చెరుకు మోళ్ళ మీద పడ్డాడు. వెనకొస్తున్న బండి తప్పించుకోలేక మోకాలి మీంచి పోయింది.

విశాఖలో పెద్దాసుపత్రిలో నాలుగో రోజున మోకాలి పైకి కాలు తీసేశారు.

చేలో పడి ఉన్న బండి చుట్టూ మెకానిక్కులు మూగినప్పుడు అనకాపల్లి నుంచి వచ్చినతను వంగి చూశాడు. "సుక్క సుక్కలాగే ఉంది. ఎవడూ ముట్టుకోనేదు. సింహాచలం సెట్టింగే" అన్నాడు. నేను అక్కడే, అతని భుజం వెనకే నిలబడి ఉన్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మేస్త్రి బండిని షెడ్డులోకి తెచ్చి, నన్ను మాత్రమే ఉంచి, తలుపు దగ్గరికి వేశారు. ప్లగ్గు విప్పారు. సున్నం తెలుపు. దాన్ని దేని పక్కనా పెట్టి చూడలేదు. కార్బురేటర్ చేతిలోకి తీసుకుని చుక్క వైపు చాలాసేపు చూశారు. గిన్నె విప్పి, జెట్ తీసి, అంకె వెలుతురుకి పట్టారు. తల ఎత్తకుండానే అడిగారు.

"పందెం ముందురోజు నాను అన్నానికెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చేర్రా షెడ్డుకి?"

"రాలేదండి" అన్నాను.

అది నిజమే. ఎవరూ రాలేదు. నేనే ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను. బయట ఏదో ట్రాక్టర్ పోయింది.

"సర్లే" అన్నారు.

ఆ సాయంత్రం పైడమ్మత్త షెడ్డుకి వచ్చింది. నేనామెని అత్తా అనే పిలిచేవాణ్ణి. గుమ్మం బయటే నిలబడింది.

"అన్నియ్యా, అందరూ ఏటేటో అంతన్నారు. నువ్వు సెప్పు. నీ సెయ్యి తప్పా?"

నేను లోపల పానాలు తుడుస్తున్నాను. మేస్త్రి నా వైపు తిరగలేదు.

"నా సెట్టింగే పైడమ్మా. తప్పైపోయింది."

"నీ కొడుకైతే ఇలగే సేసుందువా?"

ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఆయన్ని అన్నియ్యా అని పిలవలేదు. గిన్నెలు ఆగిపోయాయి. పక్క సందులో ఉన్న మనిషి వీధి చుట్టూ తిరిగి బజారుకెళ్ళేది గానీ ఆ గుమ్మం ముందు నుంచి నడిచేది కాదు.

షెడ్డుకి బళ్ళు రావడం తగ్గింది. ఆ చుక్క చూసి బండి కొనేవాళ్ళు ఇప్పుడు ఆ చుక్క చూసి వద్దనుకున్నారు. ఆ ఏడాదే విశాఖపట్నంలో ఒక బైకుల షోరూమ్ వర్క్‌షాపులో నాకు ఉద్యోగం దొరికింది. దాని యజమానికి నా గురించి చెప్పింది మేస్త్రే. "వాడి సెయ్యి మంచిదండి" అన్నారట. ఆ మాట మీద నా బతుకంతా నిలబడింది. పెళ్ళి, ఇల్లు, పిల్లల చదువు అన్నీ ఆ చేతితోనే. ఈ రోజు నా దగ్గర పాతికమంది పనిచేస్తున్నారు. ఇంజను వినడం, రంగు చూడడం, తొందరపడకపోవడం, ఇవన్నీ నేను వాళ్ళకి నేర్పుతాను. నేర్పిన ప్రతిసారీ అవి ఎవరివో నాకు తెలుసు. పేరు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెబితే, ఆయన ఇప్పుడెక్కడున్నారని అడుగుతారు.

పన్నెండేళ్ళ తర్వాత ఒకసారి వెళ్ళాను. షెడ్డు తీసేశారు. ఇంటి అరుగు మీద కూర్చుని రైతుల మందు కొట్టే స్ప్రేయర్లు బాగు చేస్తున్నారు. అవీ టూ-స్ట్రోక్ ఇంజన్లే. నన్ను చూసి, "రా బాబూ, కూకో" అన్నారు. ఒరే అనలేదు. కాఫీ తాగాక, చెప్పాలనే వచ్చినవాణ్ణి, పిల్లల చదువుల గురించి చెప్పాను. లేచేటప్పుడు ఆయనే అన్నారు.

"నువ్వు సెప్తావని సూసేన్రా ఆ రోజు. ఓ వారం సూసేను. ఓ నెల సూసేను."

"మీరే చెప్పేస్తే పోయేది కదండీ" అన్నాను. ఇంతకంటే నీచమైన మాట నా జీవితంలో నేను అనలేదు.

"ఎలగ సెప్పమంటావు? సుక్క నాది. నా నోటితో సెప్తే, కాలు పోయిన గుంటడి ముందు తప్పించుకోడానికి నీ మీద ఎట్టినట్టుంటది. నువ్వు నోరిప్పితేనే దానికి ఇలవ" అని మళ్ళీ స్ప్రేయర్ మీదికి వంగారు. "బస్సుకి టైమైపోతాది. ఎల్లు."

ఆ బస్సు ఎక్కకుండా వెళ్ళి పైడమ్మత్త తలుపు కొట్టి ఉండవలసింది. ఆయన బతికి ఉన్నారు. ఆమె ఇంటికి ముప్పై అడుగులు. నేను కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. ఇంకో పదేళ్ళు గడిచాయి.

గత నెల మేస్త్రి నిద్రలోనే పోయారని ఫోను వచ్చింది. నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. పక్క సందులో పైడమ్మత్త తలుపు మూసి ఉంది. శవాన్ని ఎత్తినా తెరుచుకోలేదు. మేస్త్రి భార్య ఆ తలుపు వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. ఆ రాత్రి నేను విశాఖ తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున్న వెళ్ళి ఆ తలుపు కొట్టాను.

ఈశ్వర్రావు తీశాడు. ఇప్పుడతను పెట్టుడు కాలితో నడుస్తాడు, వడ్డాది సంత దగ్గర విత్తనాల కొట్టు నడుపుతున్నాడు. తల్లి మంచం మీద కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను. భోజనం వేళ, జెట్, చుక్క, గెలిచాక చెబుదామనుకున్న మాట, షెడ్డులో ఆయన అడిగిన ప్రశ్న, ఏదీ వదల్లేదు. చెప్పడం అయ్యాక ముందు ఈశ్వర్రావు అడిగాడు.

"ఎంతది పెట్టేవు?"

"నూట ఇరవై."

అతను తల ఊపాడు. "లాగింది. రెండు రౌండ్లు మా గొప్పగా లాగింది" అని, తన మాట తనకే నచ్చనట్టు బయటికి వెళ్ళిపోయాడు.

పైడమ్మత్త ఏడవలేదు. "నిన్న మా అన్నియ్యని నా గుమ్మం ముందు నుంచే మోసుకెళ్ళేరు. తలుపు సందులోంచి కూడా సూడనేదు నాను. మొన్న వచ్చి సెప్పినా ఆ మొకం సూద్దును కదరా" అంది.

తలుపు వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ సెప్పనోడివి ఇయాల ఎందుకు సెప్పేవు? అన్నియ్య మీద కోపంతోనైనా బతికేను. ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?"

ఇది నేను ముందు ఊహించలేదు. నిజం చెబితే నా గుండె బరువు దిగుతుందని, ఆమె నన్ను తిడుతుందని అనుకున్నాను. నా బరువు తీసి ఆమె మీద పెట్టానని అప్పుడే తెలిసింది. అది ఇప్పటికీ ఆమె మీదే ఉంది. నేను తిరిగి తీసుకోగలిగేది కాదు.

చివరికి ఆమె, "నా ఇంట్లో సెప్తే సరిపోదు. నింద పడ్డది ఊళ్ళో. పెద్దకార్యం రోజున ఆ ఇంట్లో, ఆ మనుషుల ముందర సెప్పు. నానూ వస్తాను" అంది.

పదకొండో రోజున వాకిట్లో షామియానా వేశారు. చోడవరం, మాడుగుల, అనకాపల్లి మెకానిక్కులు చాలామంది వచ్చారు. ఆనాడు వంగి చుక్క చూసినతను కూడా, జుట్టంతా నెరిసిపోయి, మొదటి బంతిలో కూర్చున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని పైడమ్మత్త ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కింది. వదిన పక్కన నేల మీద కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆకులు వేశారు, అన్నం ఇంకా వడ్డించలేదు. నేను లేచి వాళ్ళిద్దరికీ ఎదురుగా నిలబడ్డాను. ఇవీ నేనన్న మాటలు:

"మేస్త్రిగారు పెట్టిన జెట్ సరైందే. అది తీసేసి చిన్నది పెట్టింది నేను. ఆయన చుక్క చెరిపి నా చేత్తో మళ్ళీ పెట్టింది నేను. ఈశ్వర్రావు కాలు నా వల్ల పోయింది. ఆయనకి తెలుసు. తెలిసి కూడా నా పేరు బయటపెట్టలేదు. అమ్మా, మీ ఇంటికి ఇన్నేళ్ళూ మనుషులు రాకపోవడానికి కారణం నేనే. అత్తా, మీ అన్నియ్యని నీకు కాకుండా చేసింది నేనే. ఈశూ, నీ ముందు నిలబడ్డానికి నాకు మొకం లేదు. ఆయన బతికుండగా అడగాల్సింది, ఆయన పోయేక మిమ్మల్ని అడుగుతన్నాను. నన్ను క్షమించండి."